నాన్న బండికి శుక్రవారం తలంటు

బండి దొంగ అనగానే మీ కళ్ళ ముందు ఎలాంటి మనిషి నిలబడతాడో నేను చెప్పగలను. మాసిన చొక్కా, మెడకి రుమాలు, జేబులో మారు తాళాలు, అటూ ఇటూ తిరిగే చూపులు. అంతేనా? ఆ బొమ్మ చెరిపెయ్యండి. పసుపు రాసిన పాదాలు, నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు, సంచిలో కొబ్బరికాయ, నోట్లో సూర్యనారాయణమూర్తి నామం. బండి దొంగ ఇలా ఉంటుంది. నేనే అది.

బళ్ళ తనిఖీ జరిగే జిల్లా బ్రేకు ఆఫీసు మైదానంలో, ట్రాక్టర్లవాళ్ళూ ఆటోలవాళ్ళూ గుంపుగా చేరి చూస్తుండగా, ఒక పూటంతా నేను బండి దొంగనై నిలబడ్డాను. పక్కింటి నందివర్ధనం పువ్వు కావాలన్నా గోడ మీంచి కేకేసి అడిగి కోసుకునే దాన్ని. అలాంటి దాన్ని అంత స్థితికి తెచ్చినవి రెండే రెండు: చింతపండు, ప్రేమ. చింతపండు కథ తరవాత వస్తుంది. ప్రేమ పాతది గనక ముందు దాన్ని చెప్పనివ్వండి.

మా కన్నవారి ఊరు చీపురుపల్లికి దగ్గర. ఊరికీ బడికీ మధ్య ఒక గెడ్డ పారేది. వాన పడితే పొంగి, బడి ఆ ఒడ్డునా నేను ఈ ఒడ్డునా ఉండిపోయేవాళ్ళం. మా అమ్మకి ఆ నీళ్ళంటే ఎంత భయమంటే, ఎండ మండిపోతున్న రోజున కూడా నన్ను దాటనిచ్చేది కాదు. "సదువు ఆ ఒడ్డునుంటే ఆ ఒడ్డునే ఉంటాది. ఎక్కడికీ పోదు. పిల్ల గెడ్డలో పోతే మళ్ళీ వస్తాదేటి?" అనేది. అమ్మతో వాదించి గెలిచినవాళ్ళు మా ఊళ్ళో లేరు. అలా నాకు బడి తప్పింది. ఆ గెడ్డ కనబడితే ఇప్పటికీ చేతులు జోడిస్తాను. అది అడ్డం పడకపోతే మా నాన్న నాకు మేష్టారయ్యేవాడు కాడు.

నాన్నది గోగునార బేరం. రైతుల దగ్గర నార కొని మిల్లుకి తోలేవాడు. ఊరూరా తిరగడానికి ఒక నల్ల మోటారుసైకిలు కొన్నాడు. సాయంత్రం ఆయన ఇల్లు చేరేసరికి దాని పెట్రోలు టాంకు మీద పొలం దారుల దుమ్మంతా పలచగా పరుచుకుని ఉండేది. ఎవరినీ తుడవనిచ్చేవాడు కాడు. బండికి స్టాండు వేసి, నన్ను ఎత్తి సీటు ముందు భాగంలో కూర్చోబెట్టి, వెనక తను కూర్చుని, నా చూపుడు వేలు పట్టుకుని ఆ దుమ్ములో రాయించేవాడు. అదే నా పలక. అక్షరం కుదిరితే "సెబాసు" అనేవాడు. వంకరపోతే ఉఫ్‌మని ఊదేవాడు. 'ఱ' రాయడం వచ్చేసరికి నా మొహాన మూడూళ్ళ దుమ్ము ఉండేది.

తెలుగు టాంకు మీద నేర్చుకున్నానా? అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ బండి మెడ మీద నేర్చుకున్నాను. హేండిలు కింద, ఇనప మెడ మీద, కంపెనీవాళ్ళు గుద్దిన నంబరు ఒకటి ఉంటుంది. దాన్ని చాసిస్ నంబరంటారని నాకు చాలా ఏళ్ళకి గాని తెలియలేదు. వేలితో తడిమితే గుంటలు గుంటలుగా తగిలేది. నాన్న నా వేలిని ఆ గుంటల్లో నడిపించేవాడు.

"ఇదేటి?"

"గరిట."

"గరిట కాదే పిచ్చితల్లీ, తొమ్మిది. నిలబెట్టిన గరిటలాగ ఉన్నాది, అంతే. ఆ పక్కది?"

"జంట గారెలు."

"ఒకదాని మీద ఒకటి పెట్టినారు. ఎనిమిది. సెప్పు."

"ఎనిమిది గారెలు."

"ఓలమ్మ! ఎనిమిది తింటే అరగవు గాని, ఆ తరవాతది సూడు."

తరవాతది 'ఎఫ్'. అది మాకు పన్నూడిన దువ్వెన. రెండంటే గెడ్డలో చేప కోసం మెడ వంచిన కొంగ. సున్నా అంటే పొంగిన పూరీ. ఏడు కొడవలి. నాలుగు తిరగేసిన కుర్చీ. ఒకటి చేతికర్ర. నంబరంతా కలిపితే ఒక పాటయింది. నాన్న నన్ను టాంకు మీద కూర్చోబెట్టుకుని రైలు చూపించడానికి చీపురుపల్లి స్టేషనుకి తీసుకెళ్ళేటప్పుడు దారి పొడుగునా అదే పాడుకునేవాళ్ళం. బండి మీద ఎప్పుడూ నేను ముందు, నాన్న వెనక. ఆయన గడ్డం నా మాడుకి గరగరా తగిలేది. చొక్కా నిండా పచ్చి గోగునార వాసన. ఆ వాసన ఇప్పుడు ఎక్కడ దొరుకుతుందో ఎవరైనా చెబితే నడిచి వెళ్ళి వస్తాను.

సరే, నేను పెద్దదాన్నయ్యాను. మేనత్త కొడుకునే చేసుకున్నాను. ఈ కథలో బావ అంటే మా ఆయనే. కొన్నాళ్ళకి అమ్మ వెళ్ళిపోయింది. ఆ తరవాత నాన్నా వెళ్ళిపోయాడు. నేను ఒక్కర్తినే బిడ్డని. ఆయన బండిని ట్రాక్టరు మీద వేసి బావ మా ఊరు తెచ్చి, పశువుల శాలలో ఒక వార గోడకి ఆనించాడు. దాని రిజిస్ట్రేషను గడువు కూడా నాన్న పోయిన ఏడాదే తీరిపోయింది. ఆయనతో పాటే అదీ ఆగిపోయిందని నేననుకున్నాను.

ఇక్కడ ప్రవేశించింది చింతపండు.

బండి వచ్చాక మొదటి శుక్రవారం పూజ సామాన్లు తోముతున్నాను. దీపపు కుందులూ చెంబులూ అయ్యాక చేతిలో చింతపండు గుజ్జు మిగిలింది. బండి మెడ మీద నంబరు మసకబారినట్టు కనబడింది. "పాపం, నాన్న అక్షరాలు" అనుకుని ఆ గుజ్జుతో ఒక రుద్దు రుద్దాను. పైన రంగు కాస్త ఊడింది గాని, అడుగున ఇనుము తళుక్కుమంది. నాన్న నవ్వినట్టయింది నాకు. అంతే. ఆ వేళ నుంచి శుక్రవారం వస్తే బండికి తలంటు తప్పదు. చింతపండు, మెత్తగా దంచిన ఇటుక పొడి, కొబ్బరి పీచు. బాగా తోమడం, రెండు చెంబుల నీళ్ళు గుమ్మరించడం, తడి మీదనే పసుపు పట్టించడం, గంధం రాయడం, సరిగ్గా నంబరు మీద కుంకుమ బొట్టు పెట్టడం. గుళ్ళో విగ్రహానికి కూడా అంత శ్రద్ధగా అభిషేకం జరిగి ఉండదు.

ఇత్తడికి పనికొచ్చేది ఇనుముకి పనికిరాదని మీకు తెలిసే ఉంటుంది. నాకు తెలియదు. నాన్న నాకు అక్షరాలు చెప్పాడు గాని లోహాలు చెప్పలేదు.

మరుసటి శుక్రవారానికి నంబరు మీద ఎర్రగా ఏదో కనిపించేది. "పోయిన వారం పెట్టిన బొట్టు చెక్కు చెదరలేదు! ఎంత మంచి శకునం!" అని మురిసిపోయి, పాత బొట్టు మీద కొత్త బొట్టు పెట్టకూడదు గనక దాన్ని ఇంకాస్త గట్టిగా తోమేదాన్ని. అది కుంకుమ కాదు. తుప్పు. ఏళ్ళ తరబడి నేను తుప్పుకి దండం పెట్టాను. అది నా భక్తికి మెచ్చి వారం వారం కాస్త కాస్త నంబరు తింది.

చెరిగిపోతుంటే కనబడలేదా అని అడుగుతారు. కళ్ళతో చదివేవాళ్ళకి కనబడుతుంది. నా వేలు ఆ మెడ మీద పడితే చాలు, పాట దానంతట అదే వచ్చేది. గుంటలున్నాయో లేవో ఎవరు చూశారు?

అలా సాగుతుండగా ఒక రోజు బావ భోజనానికి కూర్చుని, తలెత్తకుండా అన్నాడు.

"ఒసే, శాల ఇప్పేసి రేకుల షెడ్డేస్తన్నాను. పవర్ టిల్లరు పెట్టాల. మావ బండి తీసీవాల."

"తీసి ఎక్కడ పెడతావు బావ?"

"పెట్టడమేటి? ఇనప సామాన్లోడికి ఇచ్చేద్దాం. తిరగని బండికి సోటెక్కడిది?"

ఆ రాత్రి చారులో ఉప్పు లేదు. మరిచానో, మానేశానో ఇప్పుడు సరిగ్గా గుర్తులేదు. మర్నాడు పప్పులోనూ లేదు. మూడో పూటకి బావే దిగొచ్చాడు.

"ఓలమ్మ, నీకో దండం. కాయితాలు సేయించి రోడ్డెక్కిస్తే ఉంచుతాను. సి బుక్కులో మావ పేరు తీసేసి నీ పేరు ఏయించాల. అయ్యిందా, బండి నీది. అవ్వలేదా, ఇనప సామాన్లోడిది. ఇంక ఉప్పెయ్యే తల్లీ."

ఉప్పు వేశాను గాని ముద్ద నాకు దిగలేదు. పేరు తీసేస్తారా? నాన్న పేరా? "మరి? పోయినోళ్ళ పేరు మీద బండి తిరగనిస్తారేటి?" అన్నాడు బావ, నిజమే చెప్పాడు. నాకు తెలిసి నాన్న పేరు ఇంకా ఎక్కడైనా చెరగకుండా ఉందంటే ఆ సి బుక్కులోనే. రేషను కార్డులో కొట్టేశారు. ఓటర్ల జాబితాలో కొట్టేశారు. ఇప్పుడు నేనే వెళ్ళి అక్కడా కొట్టేయించాలి. కొట్టేయించకపోతే బండి ముక్కలై తూకానికి వెళుతుంది. రెంటిలో ఏది జరిగినా నాన్న నాకు ఇంకోసారి పోయినట్టే. రెండు రోజులు దీపం ముందు కూర్చుని ఆలోచించి, పేరు పోయినా బండి మిగలాలనుకున్నాను. పేరు నా నోట్లో ఉంటుంది. బండి నోట్లో పట్టదు.

వారసుల పత్రం వచ్చింది. మెకానిక్కు వచ్చి ఇంజను విప్పి, కడిగి, మళ్ళీ బిగించాడు. ఆ రోజు నేను వంటింట్లో అన్నం వారుస్తున్నాను. ఉన్నట్టుండి బండి శబ్దం. నాన్న బండి శబ్దం! గిన్నె దించి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ వీధి గేటు వైపు పరిగెత్తాను. గేటు తీశాను. వీధిలో ఎవరూ లేరు. శబ్దం వెనకనించి, శాలలోంచి వస్తోంది. మెకానిక్కు చప్పట్లు కొడుతున్నాడు. నేను కాసేపు ఆ గేటు పట్టుకునే నిలబడి, తరవాత గడియ వేసి లోపలికి వచ్చాను. అతనికి మజ్జిగిచ్చి, దేవుడు చల్లగా చూడాలని చెప్పాను. నిజంగానే ఆ చెయ్యి చల్లగుండాలి.

బండిని బ్రేకు ఇన్‌స్పెక్టరుకి చూపించాల్సిన రోజు వచ్చింది. అది శుక్రవారం కాదు. అయినా అధికారి ముందుకి పాచి మొహంతో వెళ్ళకూడదు గదా? తెల్లారగానే ప్రత్యేక తలంటు పోశాను. ఈసారి ఇటుక పొడి రెండింతలు. మందార దండ హేండిలుకి, నిమ్మకాయ చక్రం కింద, పసుపు మెడ నిండా. కాయితాల్లేని బండిని నడిపితే పట్టుకుంటారని ట్రాలీ ఆటో మీద ఎక్కించాం. డ్రైవరు పక్కన బావ, వెనక ట్రాలీలో బండిని పట్టుకుని నేను. దారిలో ఒక ఊళ్ళో ఇద్దరు ముసలమ్మలు ఏ అమ్మోరి ఊరేగింపో అనుకుని చెప్పులు విడిచి దండం పెట్టారు. నేను కూడా తిరిగి దండం పెట్టాను. గర్వం అంటారే, అదేదో అప్పుడు నాకు మెడ దాకా వచ్చింది.

ఆఫీసు మైదానంలో ఇన్‌స్పెక్టరుగారు కుర్చీలో ఉన్నారు. నెరిసిన మీసం, ఎండకి చిట్లించిన కళ్ళు. ఇటువైపు మనిషి కాదని మాటలోనే తెలుస్తోంది. లైట్లు వేయించారు, హారను కొట్టించారు, బ్రేకు నొక్కి చూశారు. అన్నిటికీ బండి బుద్ధిగా జవాబు చెప్పింది. తరవాత ఆయన సహాయకుడు తెల్ల కాగితం, పెన్సిలు తీశాడు. నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అంకెలు కాగితం మీదికి వస్తాయి. దాన్ని పెన్సిలు ప్రింటంటారు. అతను ముందు కుంకుమ తుడిచాడు. కింద గంధం వచ్చింది. గంధం తుడిచాడు. కింద పసుపు వచ్చింది. చొక్కా చేతులు మడిచి గోకాడు. చివరికి ఇనుము కనబడింది. కాగితం పెట్టి రుద్దాడు. ఎత్తి చూశాడు. అమావాస్య ఆకాశంలా ఉంది, ఒక్క చుక్క లేదు.

"సార్, ఈ బండికి నంబరు లేదు."

ఇన్‌స్పెక్టరుగారు లేచి వచ్చి, వంగి, కళ్ళద్దాలు పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకుని చూశారు.

"దీన్ని ఎవరు గీకేశారు?"

"గీకలేదు బాబూ. తోమినాను," అన్నాను.

"ఎందుకు తోమారు?"

"శుక్రారం కదా."

"ఏ శుక్రవారం?"

"అన్ని శుక్రారాలూను."

వెనక ట్రాక్టరు మీద కూర్చున్నాయన ఫక్కున నవ్వాడు. ఇన్‌స్పెక్టరుగారు నవ్వలేదు. "అమ్మా, చాసిస్ నంబరు అరగదీసేది ఎవరో తెలుసా మీకు?"

"తెల్దు బాబూ. ఇంకా ఎవరన్నా ఇలగ పూజ సేస్తారేటి?"

"బండి దొంగలు! కొట్టుకొచ్చిన బండికి మొదట చేసే పూజ ఇదే."

ఆ మాట మైదానమంతా వినబడింది. ఆటోలవాళ్ళు టీ గ్లాసులతో సహా దగ్గరికి వచ్చారు.

"ఓలమ్మ, సూడ్డానికి అమ్మోరునాగ ఉన్నాది!"

"ఇలాటోళ్ళ మీదే ఎవులికీ అనుమానం రాదొరే."

"ఆ దండ సూడు, ఆ నిమ్మకాయ సూడు. ఎంత పకడ్బందీగా సేసినాదో!"

నంబరు దొరక్కపోతే బండిని ఇక్కడే ఉంచెయ్యాలి, పోలీసులకి రాయాలి అంటున్నారు ఇన్‌స్పెక్టరుగారు. బండి ఇనప సామాన్లవాడికి వెళ్ళకుండా కాపాడదామని వస్తే, ఇప్పుడు పోలీసు స్టేషను వెనక పట్టుబడిన బండ్ల గుట్టలో ఎండకీ వానకీ వెళ్ళేలా ఉంది. అప్పుడు బావ ముందుకొచ్చాడు. బావ అధికారుల ముందు నోరు విప్పే మనిషి కాదు.

"సార్, ఇది మా మావ బండే. రుజువున్నాది. ఎనక మడ్‌గార్డు సూడండి. ఆ సొట్ట నాదే."

"మీదంటే?"

"పెళ్ళికి ముందు మావకి సెప్పకుండా తీసి నేర్సుకుంటా గెడ్డలో పడ్డాను. సొట్ట ఎవులు పెట్టినారని మావ ఊరంతా అడిగినాడు. నన్ను కూడా అడిగినాడు. నాను ఎద్దు పొడిసిందన్నాను."

నేను తెల్లబోయి బావ వైపు చూశాను. పాపం, ఆ ఎద్దుని నాన్న ఎన్ని తిట్లు తిట్టాడో! ఆఖరికి దాని కొమ్ములకి గుడ్డలు చుట్టించాడు కూడా.

"సొట్టని కంప్యూటర్లో ఎక్కించలేదయ్యా," అన్నారు ఇన్‌స్పెక్టరుగారు. "నాకు నంబరు కావాలి."

భయం వేస్తే మనిషికి దేవుడి పేరు రావాలి. నేను కళ్ళు మూసుకుని చేతులు జోడించి సూర్యనారాయణమూర్తిని తలుచుకోబోయాను. నా చెయ్యి ఎప్పుడు బండి మెడ మీదికి వెళ్ళిందో తెలియదు. వేలు అక్కడ తగిలేసరికి నోట్లోంచి నామానికి బదులు ఇంకోటి వచ్చింది.

"గరిట... జంట గారెలు... పన్నూడిన దువ్వెన..."

"ఏంటమ్మా? టిఫిన్లు చెబుతున్నారు?" అన్నారు ఆయన.

"టిఫిన్లు కావు బాబూ. నంబరు."

జనం ఇంకోసారి నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. కాసేపు నా మొహం చూసి, సహాయకుడి చేతిలోంచి ట్యాబు తీసుకున్నారు. అందులో బండి పాత వివరాలన్నీ ఉంటాయట.

"మళ్ళీ చెప్పండి. నిదానంగా. గరిట అంటే?"

"తొమ్మిది బాబూ. నిలబెట్టిన గరిట."

"ఊఁ. గారెలు?"

"ఒకదాని మీద ఒకటి. ఎనిమిది."

"దువ్వెన?"

"ఎఫ్. పళ్ళూడిపోయినాయి."

"ఊఁ..."

"కొంగ. పూరీ. ఇంకో పూరీ."

ఆయన వేలు తెర మీద నెమ్మదిగా కదులుతోంది. మైదానంలో ఎవరూ నవ్వడం లేదిప్పుడు. ఏదో ఆటో ఇంజను ఆపేశారు.

"రెండో పూరీ తరవాత?" అని అడిగారు ఇన్‌స్పెక్టరుగారు, గొంతు తగ్గించి.

"కొడవలి."

"ఆ తరవాత?"

"తిరగేసిన కుర్చీ. దాని పక్కన సేతికర్ర. అంతే బాబూ, స్టేషనొచ్చీసింది."

ఆఖరి మాట నంబరులోది కాదు. పాట అయ్యేసరికి స్టేషను వచ్చేది గనక నాన్న ఎప్పుడూ అలా ముగించేవాడు. అది కూడా వచ్చేసింది. కళ్ళు తెరిచాను. ఒక్క అంకె కూడా తప్పలేదన్నట్టు తలూపి, ఆయన ట్యాబు దించి, సి బుక్కులో నాన్న పేరు చదివి, మళ్ళీ నా వైపు చూశారు.

"ఎవరు నేర్పారమ్మా?"

"మా నాన్న. ఈ బండి మీదే. నాకు బడి లేదు."

ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నారు. అవి మురికిగా లేవు. "దొంగలు నంబరు చెరుపుతారు తల్లీ, బట్టీ పట్టరు. నా సర్వీసులో తన చాసిస్ నంబరు నోటికి చెప్పిన ఓనర్ని కూడా చూడలేదు." తరవాత మళ్ళీ అధికారి అయిపోయి, "అయినా నా చెవులతో విన్నది సరిపోదు. ఇంజను నంబరు చూడండి," అన్నారు.

సహాయకుడు కింద కూర్చుని జిడ్డు తుడిచాడు. ఇంజను నంబరు కొత్త నాణెంలా నిక్షేపంగా ఉంది. కంప్యూటర్లో ఉన్నదీ అదే.

"ఇదెందుకు తోమలేదమ్మా?"

"నూనె జిడ్డు బాబూ. మడిబట్టతో ముట్టుకోకూడదు."

ఇన్‌స్పెక్టరుగారు అప్పుడు నవ్వారు. ఆ నవ్వుకి మైదానమంతా తోడయింది. అందరికంటే ఎక్కువ నవ్వింది నన్ను దొంగన్న ఆటో ఆయనే. నాకు టీ తెచ్చి ఇచ్చింది కూడా అతనే.

అక్కడితో అయిపోలేదు. ఇది దొంగ బండి కాదని పోలీసు స్టేషనులో రాయించుకుంటే, అనుమతితో నంబరు మళ్ళీ గుద్దిస్తారట. స్టేషనులో కానిస్టేబులు నన్నొకసారి, కాగితాన్నొకసారి చూశాడు.

"నంబరు సింతపండుతో అరగదీసినావా?"

"అవును బాబూ."

"మా ఇంటిదానికి సెప్పకు తల్లీ. నా బండికీ మొదలెడతాది."

నంబరు గుద్దిన రోజు నేనూ వెళ్ళాను. సుత్తితో ఒక్కో అంకె కొడుతుంటే నేను పక్కన నిలబడి పాడాను. కొట్టేవాడు "కాయితంలో ఉన్నాదమ్మా, నువ్వు సెప్పక్కర్లేదు" అన్నాడు. "ఉండనీ బాబూ, నువ్వు కొట్టు" అన్నాను. అయ్యాక వేలు పెట్టి చూశాను. గుంటలు లోతుగా, అంచులు పదునుగా ఉన్నాయి. వరస అదే. గరిట గరిటే, కొంగ కొంగే. కాని ఈ గుంటల్లో నాన్న వేలు ఎప్పుడూ నడవలేదు. ఆయన వేలు నడిచిన చోటుని నేనే, నా చేత్తోనే, వారం వారం కడిగి పారబోశాను. మందార మొక్క మొదట్లో పోశాను ఆ నీళ్ళు. ఆ మొక్క ఇప్పుడు విరగబూస్తోంది. ఆ పువ్వులు దేవుడికి పెడుతున్నాను. అంతకంటే ఏం చెయ్యగలను?

సి బుక్కుకి బదులు ఇప్పుడిచ్చే కార్డు పోస్టులో వచ్చింది. నేను తెరవలేదు. నాన్న పేరు లేని కాగితాన్ని చూడ్డానికి తొందరేముంది? దేవుడి గూట్లో పెట్టి పని చేసుకుంటున్నాను. సాయంత్రం బావే కవరు చింపి, నా చేతిలో పెట్టాడు.

"సదువు. నీకు సదువొచ్చునుగా."

చదివాను. పైన నా పేరు. కింద, 'కుమార్తె' అన్న చోట, నాన్న పేరు. పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా.

"ఇక్కడ తండ్రి పేరైనా భర్త పేరైనా రాయొచ్చంట," అన్నాడు బావ పక్కకి చూస్తూ. "నాను మావదే రాయించినాను."

"నీది రాయించుకోవచ్చు కదా బావ?"

"నాకేటి తక్కువ? ఎనకాల మడ్‌గార్డు మీద నా సొట్టున్నాది. సాలదేటి?"

కార్డు మళ్ళీ చూసుకున్నాను. నేను ముందు. నాన్న వెనక. చీపురుపల్లి స్టేషనుకి వెళ్ళేటప్పుడు ఎలా కూర్చునేవాళ్ళమో అలాగే. ఎవరూ ఎవరినీ కొట్టెయ్యలేదు. నన్ను ఎత్తి ముందు కూర్చోబెట్టారు, అంతే.

కనక చదువుతున్న మీ అందరి సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. గరిట మీద ఒట్టు, జంట గారెల మీద ఒట్టు, పన్నూడిన దువ్వెన మీద ఒట్టు, మెడ వంచిన కొంగ మీద ఒట్టు. ఇకమీదట చింతపండు పులుసులోకీ ఇత్తడి మీదకీ తప్ప ఇంకెక్కడికీ వెళ్ళదు. శుక్రవారం వచ్చినా, దసరా వచ్చినా, సాక్షాత్తు ఆ సూర్యనారాయణమూర్తే దిగివచ్చి తోమమన్నా నేను బండిని తోమను. కడగను. తుడవను.

ముఖ్యంగా పెట్రోలు టాంకు. బావ రోజూ పొలం నుంచి దాని మీదే వస్తున్నాడు. నిన్న సాయంత్రం గుడ్డ తీసుకుని టాంకు తుడవబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను.

"దుమ్ము పట్టీసిందే," అన్నాడు.

"పట్టనీ బావ," అన్నాను. "నాకు పలక కావాల."